చుక్కల చిన్నమ్మ చెప్పని చిటికెడు

పోయిన ఆదివారం చర్చిలో ప్రకటనలన్నీ చదివాక పాస్టరుగారు చివర్లో ఒక మాట చెప్పారు. నాంపల్లిలో ఉండే ఫలానా ఆవిడ బుధవారం నాడు ప్రభువునందు నిద్రించారు, ఎందరో ఆడపిల్లలకు చేతిపని నేర్పిన మనిషి, కుటుంబం కోసం ప్రార్థించండి అని. నా పక్కన కూర్చున్నావిడ "అయ్యో పాపం" అంది. నేను అనలేదు. అందరితో పాటు కళ్లు మూసుకున్నాను గానీ నాకు కనిపించింది పోయినామె ముఖం కాదు, ఆకుపచ్చ చేతిసంచి ఒకటి. ముప్పై ఏళ్లు దాటింది. ఆ సంచి రంగు నా కళ్లలో ఇంకా వెలిసిపోలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. అప్పట్లో కూడా ఆమెను పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. క్రిస్మస్ వస్తుందంటే తెల్లదారంతో చుక్కలూ గంటలూ దేవదూతలూ అల్లేది కాబట్టి మా పిల్లలందరికీ చుక్కల చిన్నమ్మ. పొట్టి మనిషి. కళ్లద్దాలకు ఒక కాడ విరిగిపోతే, దాని బదులు దారంతో గొలుసు అల్లి చెవికి తగిలించుకుంది. ఎవరైనా నవ్వితే "మీ అద్దాలు కొన్నయి, నావి అల్లినయి" అనేది. దారం ముట్టే ముందు కుంకుడు రసంతో చేతులు కడుక్కునేది. మేమూ కడుక్కోవాల్సిందే. ఆలోచనలో పడితే కొక్కెం సూదిని కొప్పులో గుచ్చుకునేది, ఆ తర్వాత దానికోసం చాప కిందా, మా పరికిణీల కిందా వెతికేది. కొప్పులో ఉందని మేం చెప్పేవాళ్లం కాదు. దొరికాక ఆ సూదితోనే మా వేళ్ల కణుపుల మీద ఒక్కటి వేసేది.

పోలీసు యాక్షన్ అయిన ఏడాది నాకు పన్నెండేళ్లు. మాది మెదక్ వైపు. నాన్నకు నాంపల్లి స్టేషన్లో పార్సిళ్ల దగ్గర పని కాబట్టి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. వీధుల్లో తిరగకుండా ఒక చోట కూర్చుంటానని మా అమ్మ నన్ను ఆబిడ్స్‌లోని చర్చికి, శనివారం మధ్యాహ్నాలు వరండాలో జరిగే అల్లికల క్లాసుకు పంపింది. నాకు ఇష్టం లేదు. మొదటి రోజే దారపు ఉండను కాలితో తన్నితే అది దొర్లుకుంటూ వరండా మెట్లు దిగి రోడ్డు దాకా పోయింది. చిన్నమ్మ తిట్టలేదు. "పో, తెచ్చుకో. ఎంత దూరం పోయిందో గంత దారం నువ్వు అల్లాలె ఇయ్యాల" అంది. అల్లాను. సాయంత్రానికి నా వేలికి బొబ్బ వచ్చింది, చేతిలో వంకరటింకర గొలుసు ఒకటి మిగిలింది. మళ్లీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూశాను.

ఆమెకు చదువు రాదు. మెదక్ వైపు మిషన్ అనాథాశ్రమంలో పెరిగింది. చుక్కకు పన్నెండు కొనలు, ఆ పన్నెండూ లెక్క తప్పకుండా రావాలి. ఆమె అంకెలతో లెక్కపెట్టేది కాదు. ఆశ్రమంలో వరసగా పన్నెండు చాపలు పరిచి పడుకున్న పన్నెండు మంది పిల్లల పేర్లు చెప్పుకుంటూ పోయేది. శాంతమ్మ, దీనమ్మ, కరుణమ్మ అని మొదలై, పదకొండో కొనకు సువార్త వచ్చేది. పన్నెండోది తనే. నేను ప్రతిసారీ తొందరపడి పదకొండో కొన ఎగరగొట్టేదాన్ని. ఆమె నా చుక్కను దీపం పట్టినట్టు పైకెత్తి చూసి "సువార్త ఏడబోయింది?" అనేది. ఆ ఒక్క మాటకు నేను మొత్తం విప్పి మళ్లీ అల్లేదాన్ని. అది మా క్లాసులో ఎంత వాడుక అయిందంటే, ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా నేను "సువార్త ఏడబోయింది?" అనేదాన్ని. మా అమ్మకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి అడిగాను, ఆ సువార్త ఎవరని.

"నా పక్క సాప పిల్ల" అంది చిన్నమ్మ. "ఇద్దరం ఒక్క దుప్పటి కప్పుకునేటోళ్లం. అది సదువుకుంది, టీచరై పోయింది. మల్ల రాలే."

అంతే చెప్పింది. దారం తెంపడానికి పళ్లు పెట్టింది.

చుక్క అల్లడం సగం పనే. అల్లిన దారం మెత్తగా వేలాడుతుంది, దాన్ని గట్టిపరిచి కొనలు నిలబెట్టకపోతే చెట్టుకు కట్టలేం. ఆ సగం పని ఆమె మా ఎదుట ఎప్పుడూ చేయలేదు. మా చుక్కలన్నీ తుండుగుడ్డలో మూటకట్టుకుని నాంపల్లిలో తన గదికి తీసుకుపోయేది, మళ్లీ శనివారానికి తెచ్చేది. తెచ్చినప్పుడు ఒక్కో చుక్కనూ నేల మీదికి వదిలేది. "టక్" మని చప్పుడు రావాలి. వస్తే తల ఊపేది, రాకపోతే పక్కన పెట్టేది. ఆ చుక్కలు తెల్లగా ఉండేవి గానీ వట్టి తెలుపు కాదు, లోపల ఎక్కడో లేత నీలం ఉండేది. ఎట్లా చేస్తావని ఎవరడిగినా "చేతులతోటి" అనేది. ఇంకా గట్టిగా అడిగితే సూది పైకి లేచేది.

ఆ గది ఆమె భర్త బతికుండగా పుస్తకాలకు జిల్దులు కట్టిన దుకాణం. ఆయన పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. గోడకు ఆనించి అట్టలు, పుస్తకాలను అదిమే ఇనుప చట్రం, ఎప్పటికీ పోని లై జిగురు వాసన. మా అమ్మ కాన్పుకని దవాఖానలో ఎనిమిది రోజులుంటే, చిన్నమ్మ నన్ను ఆ గదిలోనే పెట్టుకుంది. రోజూ పొద్దున నా తల దువ్వి, రెండు జడలు అల్లి, చివర తెల్లదారంతో చిన్న చిన్న గంటలు కట్టి బడికి పంపేది. అప్పుడే ఒకరోజు నా అరచేతిని తన అరచేతిలో పెట్టుకుని చూసి "నీది నా చెయ్యే" అంది. నేను పొంగిపోయాను. తల్లి తర్వాత తల్లి అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకు నామీదే కోపమొస్తోంది, అయినా అబద్ధం రాయలేను. అనుకున్నాను.

నేను మెట్రిక్ పాసైన ఏడాది ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడికి కుట్టుపని టీచరు కావాల్సి వచ్చింది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ అమ్మ మా చర్చికే వచ్చేది. క్రిస్మస్ సెలవులకు ముందు బడిలో ప్రోగ్రాం ఉంటుందనీ, హాల్లో చెట్టును నేను నా చేతులతో అలంకరించి చూపించాలనీ, బాగుంటే జనవరి నుంచి ఉద్యోగం నాదేననీ చెప్పింది. నాన్నకు అప్పటికే నడుం పట్టేసి పార్సిళ్లు ఎత్తలేకపోతున్నాడు. నా వెనక ముగ్గురు పిల్లలు. ఆ ఉద్యోగం మా ఇంటికి ఎంత అవసరమో మా గల్లీలో అందరికీ తెలుసు, చిన్నమ్మకు అందరికన్నా బాగా తెలుసు.

పరుగెత్తుకుంటూ ఆమె గదికే పోయాను. ముందు ఆమెకే చెప్పాలనిపించింది. చెప్పి, "చిన్నమ్మా, గట్టిపరిచేది ఎట్ల? ఇప్పుడన్న చెప్పు" అని అడిగాను.

ఆమె కొప్పులోంచి సూది తీసింది, మళ్లీ అక్కడే గుచ్చుకుంది. కిటికీ వైపు చూసింది.

"ఏమున్నది బిడ్డా, చక్కెర పాకం. ఆశ్రమంల మిషన్ దొరసాని మాకు గట్లనే నేర్పింది. తీగపాకం రాంగనే దించాలె, దాంట్ల చుక్కను ముంచాలె, దిండు మీద కాయితం పరిచి గుండుసూదులు గుచ్చి నీడకు ఆరబెట్టాలె."

"మరి ఆ నీలం?"

"నీలిమందు. ఒక్క బొట్టు."

ఆరేళ్లు దాచిన సంగతిని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అప్పుడు ఆమె లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ చేతిపనిని దీవించు ప్రభువా అని ప్రార్థన చేసింది. మిగతాదంతా ఏదో ఒకనాటికి మరిచిపోదునేమో గానీ, ఆ చెయ్యి బరువు మాత్రం నా తల మీద నుంచి ఇప్పటికీ దిగలేదు.

అప్పట్లో చక్కెర రేషను మీదే. మా అమ్మ ఆ నెల చక్కెరంతా నా చుక్కలకు ఇచ్చేసింది. ఇంట్లో బెల్లం చాయ్. రోజు విడిచి రోజు పాలు విరిగిపోయేవి, నాన్న విరిగిన చాయే తాగి "మంచిగనే ఉన్నది తియ్యి, పిల్లకు నౌకరి వస్తే మిఠాయే తిందాం" అనేవాడు. నేను చుక్కలు, గంటలు, రెక్కల దేవదూతలు అల్లాను. గంటలను సిరాబుడ్డి మీద బోర్లించి ఆరబెట్టాను. చుక్కలు ఆరేది నులకమంచం మీద. చక్కెర డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టడం ఏ ఇంట్లోనైనా అలవాటే కదా, మా అమ్మ చెయ్యి ఊరుకోక ఆ మంచం కాళ్ల కింద కూడా నాలుగు గిన్నెల్లో నీళ్లు పెట్టింది. ఇంత తెలిసిన మాకు, రేపు బడి హాల్లో ఆ చెట్టు కింద నీళ్లెవరు పెడతారన్న ఆలోచన రాలేదు. చిన్నమ్మ చెప్పింది కదా. ఏళ్ల తరబడి ఆమె చుక్కలు చర్చిలో వేలాడుతూనే ఉన్నాయి, ఒక్క చీమ ఎక్కింది లేదు. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురాలోచన లేదు.

ఒకరోజు ఆమె చూడ్డానికి వచ్చింది. మంచం కాళ్ల కింద గిన్నెలు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత ఒక చుక్కను తీసి నేల మీద వదిలింది. "టక్" మంది.

"మంచిగున్నయి" అంది. బెల్లం చాయ్ తాగి పోయింది.

ప్రోగ్రాం ముందురోజు సాయంత్రం నాన్నా నేనూ ఇసుక బకెట్లో సరుగుడు కొమ్మ నిలబెట్టి అన్నీ కట్టి వచ్చాం. మర్నాడు మధ్యాహ్నం హాలు నిండింది. పిల్లలు గొర్రెలకాపరుల వేషాలు వేసుకుని నిలబడ్డారు. తెర తీశారు. ముందు వరసలోని చిన్న పిల్ల ఒకతి "అవ్వో, చీమలు!" అని అరిచింది. గోడ నుంచి బకెట్ దాకా, బకెట్ నుంచి కొమ్మ చివరిదాకా ఎర్రచీమల బారు. నా చుక్కలు తెల్లగా లేవు, ఎర్రగా కదులుతున్నాయి. దేవదూత ముఖం కనిపించలేదు. ఒక గొర్రెలకాపరిని కుట్టాయి, వాడు ఏడుస్తూ స్టేజీ దిగి పరుగెత్తాడు. పెద్దవాళ్లు నవ్వారు, తర్వాత నవ్వు ఆపుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ అమ్మ నా వైపు చూసింది. అందరి వెనక, తలుపు దగ్గర నిలబడ్డ మా నాన్న నా వైపు చూడలేదు. కిందికి చూశాడు.

మూడో వరసలోంచి చుక్కల చిన్నమ్మ లేచింది. చేతిలో ఆకుపచ్చ సంచి.

"ఏడ్వకు బిడ్డా, జర పక్కకు జరుగు" అంది నాతో. బడి ఆయా ఒకామెను పిలిచి, ఆ కొమ్మ బయట పారేయించి, పెరట్లోంచి ఇంకో కొమ్మ కొట్టి తెప్పించింది. సంచిలోంచి చుక్కలు తీసి ఒక్కొక్కటే కట్టింది. లేత నీలం చుక్కలు. నలభైకి తగ్గవు. పిల్లల పాటలు అయ్యేలోపు చెట్టు నిండిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్లద్దాల గొలుసు సర్దుకుని మళ్లీ మూడో వరసలో కూర్చుంది.

నేను తలుపు పక్కన నిలబడి ఆమె చేతులనే చూశాను. ఒక్క చుక్కకూ అప్పటికప్పుడు దారం కట్టుకోలేదు. ఉరులన్నీ ముందే వేసి ఉన్నాయి. ప్రోగ్రాం చూడ్డానికొచ్చే మనిషి సంచిలో నలభై చుక్కలు, ఉరులతో సహా ఎందుకుంటాయి? అది అర్థమైన క్షణంలో నాకు ఏడుపు ఆగిపోయింది.

జనవరిలో ఆ ఉద్యోగం ఆమెకే వచ్చింది. చేతిలో పనున్న మనిషికి కాగితం ఎందుకని హెడ్‌మిస్ట్రెస్ అమ్మ అందట.

నేను శనివారం క్లాసు మానేశాను. చర్చిలో ఆమె ఒక వైపు కూర్చుంటే నేను ఇంకో వైపు కూర్చునేదాన్ని. నాన్న ఇంకో ఏడాది పార్సిళ్లు ఎత్తాడు, ఆ తర్వాత ఎత్తలేదు. నేను టీచర్ ట్రైనింగ్ చేస్తూ పొద్దునా సాయంత్రం ట్యూషన్లు చెప్పాను. మా అమ్మ మాత్రం ఆమెను తిట్టలేదు. "పాకం ముదిరిందేమోనే" అనేది. తిట్టి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

ట్రైనింగ్ అయిపోయే రోజుల్లో, నాన్న పాటల పుస్తకం అట్ట ఊడిపోతే నాంపల్లిలో జిల్దులు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మైదాపిండి లై ఉడికిస్తూ, ఒక డబ్బాలోంచి నీలం పలుకులు చిటికెడు తీసి అందులో వేశాడు. ఏమిటని అడిగాను.

"మైలుతుత్తం బేటీ. విషం. గిది ఏస్తే చీమలు రావు, బొద్దింకలు రావు. కితాబ్ వందేండ్లుంటది. జిల్దులు కట్టెటోళ్లందరికీ ఎరకే" అని, చిన్నమ్మ గది ఉన్న వైపు చెయ్యి చూపించాడు. "గాడ నా దోస్తు ఉండె, పోయిండు. ఆయన భార్య ఇప్పటికీ నా దగ్గరనే గిది తీస్కపోతది. క్రిస్మస్ ముందు తప్పకుండ వస్తది."

నేను వంగి ఆ డబ్బాలోకి చూశాను. చుక్కలోని ఆ నీలం నా కళ్ల ముందే, ఆ గదిలోనే ఉండేది. ఎనిమిది రోజులు నేను ఆ వాసనలోనే పడుకున్నాను.

కాచిగూడలో ఒక బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, మొజంజాహీ మార్కెట్‌లో ఆమె ఎదురుపడింది. సంత్రాలు ఏరుకుంటోంది. టీచరమ్మ అయ్యాక చీర మారింది గానీ కళ్లద్దాలకు అదే దారపు గొలుసు. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. అదే నన్ను కాల్చింది, నిజంగానే సంతోషంగా నవ్వింది.

ఎన్నో అనాలని రెండేళ్లు కూడబెట్టుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "చిన్నమ్మా, సువార్త ఏడబోయింది?"

ఆమెకు అర్థమైంది. చేతిలోని పండు బుట్టలో పెట్టేసింది. కొప్పులో సూది లేకపోయినా చెయ్యి కొప్పు దాకా పోయింది. అప్పుడు చెప్పి ఉంటే, ఔ బిడ్డా తప్పు చేసిన అని ఆ పండ్ల దుకాణం ముందు ఒక్క మాట అని ఉంటే, నేను ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేదాన్నేమో.

"పాకం ముదిరినట్లుంది బిడ్డా" అంది.

వెనక్కి తిరిగి వచ్చేశాను. మళ్లీ మాట్లాడలేదు.

ఆమె మీద కచ్చ తీర్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగం దొరికింది. నా క్లాసులో కొత్త పిల్లలు సూది పట్టకముందే, మొదటి రోజే బ్లాక్‌బోర్డు మీద రాసేదాన్ని. మైదా లై నప్పక నేనే వెతికి పట్టుకున్న సగ్గుబియ్యం గంజి పల్చగా, అందులో మూడు వేళ్ల చిటికెడు మైలుతుత్తం, చేతులు బాగా కడుక్కోవాలి. ఆమె చచ్చేదాకా దాచుకోవాలనుకున్నదాన్ని కాచిగూడలో ఊరూపేరూ తెలియని పిల్లలందరికీ పంచిపెట్టాను. చీమ ఎక్కలేదు. కాకపోతే నా చుక్కలు ఎప్పుడూ ఆమె వాటికన్నా ఒక పిసరు ఎక్కువ నీలంగా వచ్చేవి. గంజి మార్చి చూశాను, దారం మార్చి చూశాను, లాభం లేకపోయింది. ఈ వంక ఇంకెవరికీ కనిపించలేదు, నాకే కనిపించేది. అదీ ఆమె మీద కోపంలోనే కలిపేసుకున్నాను.

అంత్యక్రియలకు నేను పోలేదు. నిన్న మధ్యాహ్నం ఆమె భర్త తరఫు మేనకోడలు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతుల్లో కాగితం పొట్లం పట్టుకుంది.

"టీచరమ్మా, పోయే ముందు మా అత్తమ్మ గిది మీకు ఇయ్యిమన్నది." పొట్లం విప్పింది. నీలం పలుకులు. "సగ్గుబియ్యం గంజి కాసి గిది చిటికెడు వెయ్యాలెనట. చక్కెర గాదట. ఎవ్వరికీ చెప్పొద్దట, మీకొక్కరికేనట."

నేను ఆ పలుకుల వైపే చూశాను.

"ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు అత్తమ్మా అని నేను అడిగిన. 'ఆ పిల్లకు సదువుండె, నాకు గీ చిటికెడు ఒక్కటే ఉండె. గిప్పుడు దాంతోటి నాకేం పని? ఇచ్చిరా' అన్నది."

ఇప్పుడా? మా నాన్న నడుం విరిగాకనా? మా అమ్మ కూడా పోయాకనా? ఈ పిల్లకు చెప్పేద్దామనిపించింది, మీ అత్తమ్మ దాచిన నిధి నా దగ్గర ముప్పై ఏళ్ల నుంచి ఉందనీ, దాన్ని ఊరంతా పంచేశాననీ. నేను ఆమెను క్షమించలేదు. పొట్లం చూశాకా క్షమించలేదు, ఇది రాస్తున్నప్పుడూ క్షమించలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది ఆ మనిషి.

అయినా ఆ పిల్ల పొట్లాన్ని అంత భద్రంగా పట్టుకుని నిలబడితే ఆ మాట నోటికి రాలేదు. తెలియనిదాన్నే అన్నట్టు కాగితమూ పెన్నూ తీసుకుని కూర్చున్నాను.

"ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంటాను. చిటికెడంటే ఎంత?"

"అత్తమ్మ చేత్తోటి చూపిచ్చింది" అంది ఆ పిల్ల. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నా ముఖం ముందు పెట్టింది. "గిట్ల, రెండు వేళ్లతోనే. మూడోది కలిపితే నీలం ఎక్కువైతదట, ఆ పిల్ల తొందరపాటుది, మూడేస్తది, యాదితోటి చెప్పు అన్నది."